సామేలు పేజీలో నీళ్ల వంతులు

కీబోర్డు తెస్తానని ప్రొద్దుటూరుకు పోయిన మనిషి బస్సులోనే కూలిపోయాడని ఫోన్ వచ్చింది. చెప్పినవాణ్ని నేను తిట్టాను. పొద్దునే రెండు పళ్లేల ఉగ్గాని తిని, నవ్వుతూ పోయిన నా సామేలు చనిపోవడమేంది? ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు.

పులివెందులలో మా ఆయనకు కంప్యూటర్ షాపు ఉండేది. సింహాద్రిపురం పక్క ఒక ఊళ్లో చీనీతోటలకు, అంటే బత్తాయి తోటలకు, ఉమ్మడి మోటారు. ఊరేమో రెండు పార్టీలు. ఒక పార్టీకి పెద్ద ఓబులేసు, రెండో పార్టీకి నాగన్న. ఒకరి ముఖం ఒకరు చూడరు. నీళ్ల వంతు దగ్గర కట్టెలు లేచిన ఊరది. అందుకని మా ఆయన ఆ వంతులన్నీ ఒక వెబ్ పేజీలో పెట్టాడు. మనిషికో వరుస. ఫోన్‌లోనే ఎడిట్ నొక్కి, మార్చుకుని, సేవ్ కొట్టడమే.

ఒకరోజు ఆ ఇద్దరూ తమ మనుషులతో మా ఇంటి మీదికి వచ్చారు.

"సామేలూ, నా వంతు ఆయప్పకు ఎట్ల పోయింది? నా చెట్లు ఎండితే ఊర్లో ఏమైతాదో తెల్సు గదా" అన్నాడు నాగన్న, ఓబులేసు వైపు చెయ్యి చూపి.

మా ఆయన కంప్యూటర్ ముందు కూర్చుని చూశాడు. చూసి నవ్వాడు.

"తప్పు మీ ఇద్దరిదీ గాదు మామా, నాది. ఓబులేసు మామ తన వరుస తెరిచి మారుస్తాండాడు. అంతలో పైన ఎవరో తమ వరుస తీసేసినారు. కిందివన్నీ పైకి ఎక్కినాయి. ఆయన సేవ్ కొట్టేసరికి ఆ జాగాలో నీ పేరుండాది, ఆయన రాసింది దాని మీద పడింది. నా పేజీ జాగాను చూసింది, మనిషిని చూళ్లేదు."

"అట్లయితే ఇది మన పార్టీల మాదిరే అప్పా. కుర్చీనే చూస్తాది" అన్నాడు ఓబులేసు.

ముందు నాగన్న నవ్వాడు. తర్వాత ఇల్లంతా నవ్వింది. వాళ్లందరికీ ఉగ్గాని చేసి పెట్టాను.

ఆ తర్వాత వరుసను మనిషి పేరుతోనే గుర్తుపట్టేలా పేజీని మార్చాడు. ఒకరు వరుస తెరిస్తే, సేవో క్యాన్సిలో కొట్టేదాకా ఇంకెవరూ ఏదీ కదపకుండా కట్టేశాడు. "ఫలానా మామ మారుస్తాండాడు, రోంతసేపు ఆగండి" అని అందరి ఫోన్లలో పడేది. అక్షరం కూడబలుక్కుని చదివే నా చేతనే దాన్ని పరీక్ష చేయించాడు. ఆ మాటలు మా ఇంట్లోకీ వచ్చేశాయి. జగడమాడుతూ నేను అడ్డం పడితే, "ఏమ్మే, నేను తెరిచినా, సేవ్ కొట్టనీ" అనేవాడు. "క్యాన్సిల్" అని నేను అరిచేదాన్ని.

ఆయన్ని పూడ్చే రోజు సమాధి దగ్గరికి ఆ రెండు పార్టీలూ ఒకేసారి వచ్చాయి. మన్ను వేయడానికి ఇద్దరు పెద్దలూ ఒకేసారి వంగారు. అందరూ బిగుసుకుపోయారు. నాగన్న లేచి నిలబడి, తన మనుషులకు చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆగండప్పా. ఆయప్ప తెరిచినాడు. అయిపోనీ."

ఓబులేసు పిడికెడు మన్ను వేసి, చేతులు దులుపుకున్నాడు.

"సేవ్ కొట్టినా. రా నాగన్నా."

ఏడుస్తున్న నాకు నవ్వొచ్చింది. ఆ మాట వినడానికి మా ఆయన లేడే అనుకుంటూనే, ఆయన వంతు కూడా నేనే నవ్వాను.