జానెడు ఎత్తున్న రింగు

మీ కాలేజీ బాస్కెట్‌బాల్ పోటీలు వచ్చే నెలలో మొదలవుతాయనీ, ఏ జట్టు ఎక్కడ నిలుస్తుందో ఎవరో ముందే లెక్కగట్టి నోటీసు బోర్డుకు అంటించారనీ, అందులో మీ జట్టు అట్టడుగున ఉందనీ నిన్న ఫోన్లో చెప్పావు కదమ్మా. చెబుతుంటే నీ గొంతు చిన్నబోయింది. సిగ్నల్ పోయి నేను ఏమీ అనలేకపోయాను. అందుకే ఈ ఉత్తరం. తమ్ముడికి కూడా చదివి వినిపించు. అలాంటి లెక్క ఒకటి నా వంటింటి గోడ మీద కూడా కట్టారు, మీ అమ్మ ఇంటర్ రెండో ఏడు చదివేటప్పుడు.

తొంభైల చివరి రోజులవి. అరకులో ఆడపిల్లల హాస్టల్లో నేను వంట చేసేదాన్ని. మీ అమ్మ అక్కడే ఉండి చదువుకునేది. మొదటి ఏడు లెక్కల్లో తప్పింది. పుస్తకం మూసేసి కాఫీ తోటల్లో కూలికి పోతానంది. దాన్ని కాలేజీలో నిలబెట్టింది నా బతిమాలడం కాదు, బంతి. జట్టులో అందరికన్నా పొట్టిది, అయినా ఎవరి కాళ్ళ సందులోంచైనా బంతి పట్టుకుని పోయేది. ఆ ఏడాది ప్రిన్సిపాల్‌గారు ఒక మాట తేల్చి చెప్పారు. రెండేళ్లుగా ఒక్క మ్యాచ్ గెలవలేదు, ఈసారి కూడా ఒక్కటైనా గెలవకపోతే జట్టు తీసేస్తాం అని. ఆట ఆగితే నా కూతురి చదువు కూడా ఆగుతుందని నాకు తెలుసు. ఆ మాట ఎవరికీ చెప్పలేదు.

చలి మొదలయ్యాక పిల్లలు వెచ్చగా ఉంటుందని పొయ్యి దగ్గరికి చేరేవారు. బియ్యంలో రాళ్ళు ఏరిపెట్టి, నా దగ్గర వేడి చోడి అంబలి పుచ్చుకునేవారు. ఒక సాయంత్రం అక్కడే రాబోయే పోటీల లెక్క తీశారు. మసి పట్టిన గోడ మీద సుద్దముక్కతో నాలుగు జట్ల పేర్లూ రాశారు.

"విశాఖ ఆడగుంటలు ఎలాగుంటారో ఎరుగుదువా పిన్నీ? సెయ్యెత్తితే రింగు అందుతాది," అంది జట్టు కెప్టెన్. హుకుంపేట వైపు పిల్ల, మంచి పొడగరి.

"అందుతాదేటి, కోతలు! ఆళ్ళ బూట్ల సప్పుడుకే నువ్వు బంతొగ్గేసినావు," అంది మీ అమ్మ.

"నువ్వు సెప్పకే. నీకు రింగు కనపడాలంటే మెడ నొప్పెడతాది."

అందరూ నవ్వారు. తర్వాత విజయనగరం జట్టు వంతు వచ్చింది. వాళ్ళలో ఒక్క గుంటే ఆడుతుంది, మిగతా నలుగురూ ఆమెకు బంతి అందించడానికే ఉన్నారు అని తేల్చారు. అయినా ఆ ఒక్కదాన్ని ఆపలేమన్నారు. ఇక సీతంపేట వైపు జట్టు మిగిలింది.

"ఆళ్ళు మనలాటి కొండోళ్ళే. ఆళ్ళ మీద కొట్టేద్దుం," అంది కెప్టెన్. గోడ మీద విశాఖ ఒకటి, విజయనగరం రెండు, మేము మూడు. మూడో చోటుకి ఒక గెలుపు చాలు. ఆ అంకె కింద మీ అమ్మ రెండు గీతలు గీసింది.

ఇప్పుడు మా ఆట స్థలం సంగతి చెప్పాలి. మాకు గ్రౌండు లేదు. హాస్టల్ కంచె పక్కన కాఫీ పళ్ళు ఎండబెట్టే సిమెంటు కళ్ళం ఉండేది. పంట లేని నెలల్లో అది ఖాళీ. దానికి రెండు కొసల్లో రెండు స్తంభాలు పాతి రింగులు బిగించుకోనిచ్చారు తోటవాళ్ళు. అందుకు బదులు, మొదటి కాఫీ బస్తాలు దిగకముందు కళ్ళమంతా మా పిల్లలే కడిగి ఇవ్వాలి. అదీ ఒప్పందం. కాఫీ పళ్ళు ఎర్రబడితే ఆట చివరికొచ్చినట్టే.

ఆ ఏడు కూడా బిందెలు పట్టుకుని వెళ్ళాం. పిల్లలు నీళ్ళు కుమ్మరిస్తున్నారు, నేను కొబ్బరి చీపురుతో తోస్తున్నాను. నేను తొయ్యక్కర్లేకుండానే నీళ్ళన్నీ కంచె వైపు పరుగెత్తుతున్నాయి. వాన నీరు నిలవకూడదని కళ్ళాన్ని అటు వాలుగా కట్టారు. ఏళ్ళ తరబడి కడుగుతున్నదాన్నే, ఆ రోజే నా బుర్రకి తట్టింది.

"ఏటే, మీకు బంతి పడనిది కంచె ఏపేనా?" అన్నాను.

"అటే. ఆ రింగుకి దిష్టి తగిలింది," అంది మీ అమ్మ.

తోటలోంచి వెదురుగడ ఒకటి తెప్పించాను. ఎగువ స్తంభం దగ్గర నేల మీద ఆనించి, రింగు ఎంతవరకు వచ్చిందో అక్కడ ఎర్ర గుడ్డపీలిక కట్టించాను. ఆ గడే కంచె వైపు తీసుకెళ్ళి నిలబెట్టాం. పీలిక రింగుకి జానెడు కిందనే ఆగిపోయింది.

స్తంభాలు పాతిన తాపీ మేస్త్రిని పిలిపించారు. ఆయనకి కోపం వచ్చింది. "నీటి గొట్టంతో మట్టం పట్టి మరీ బిగించినానమ్మా. ఈ రింగుకీ ఆ రింగుకీ ఎంటిక తేడా నేదు."

"రింగులు సమానమే అన్నా. నేల కాదు కదా," అన్నాను మెల్లిగా.

ఆయన ఒక బిందెడు నీళ్ళు ఒంపి, అవి పోయే దారి చూసి, తల గోక్కున్నాడు. "గుమ్మాలకి అలాగే సూత్తాం మరి," అన్నాడు. పిల్లలు పడీపడీ నవ్వారు. ఆట నేర్పే సారు మాత్రం నవ్వలేదు. "నిరుటి నుంచి ఈళ్ళని తిడతన్నాను. పోటీల్లో బెదురుకి బంతి బలంగా ఇసిరేత్తన్నారనుకున్నాను," అన్నారు. ఆ సాయంత్రమే కంచె వైపు రింగు బోర్డు విప్పి జానెడు దించారు.

ఇక అన్నీ సర్దుకుంటాయనుకున్నాను. తెల్లారి మొదటి కాఫీ దిగింది. కళ్ళం చూసుకునే ఆయన దయతలచి ఎగువ సగంలోనే పళ్ళు పరిచి, దించిన రింగున్న సగం పది రోజులు మాకు వదిలాడు. పొద్దున్నే మంచులో పిల్లలు ఒట్టికాళ్ళతో ఆడేవారు. దొర్లివచ్చిన పళ్ళు తొక్కి అరికాళ్ళు జిగటగా అయ్యేవి. కానీ ఒక్క బంతీ పడదే! ఎత్తు రింగుకి అలవాటైన చేతులు కదా. బంతి బోర్డు పైనుంచి ఎగిరి కంచె అవతల పడేది.

నాలుగో రోజు మీ అమ్మ వంటింట్లోకి వచ్చి గోడకి ఆనుకుని కూర్చుంది. "నువ్వు కొలవకపోతే బాగుండునమ్మా. ఉన్నది కూడా పోయింది," అంది.

అంబలి గిన్నె దాని ముందు పెట్టాను. ఏదో అనాలి కాబట్టి అన్నాను. "ఏడాది పైగా అలవాటు పడ్డ సెయ్యి నాలుగు రోజుల్లో మారతాదేటే? ముందు అంబలి తాగు. బేగెల్లి మళ్ళా ఎయ్యి."

ఎనిమిదో రోజు బియ్యం కడుగుతుంటే కళ్ళం వైపు నుంచి సంబరపు కేకలు వినబడ్డాయి. మళ్ళీ ఇంకో కేక. నేను వెళ్ళి చూడలేదు. కేకలు లెక్కపెట్టుకుంటూ బియ్యం కడిగాను.

పోటీలు విశాఖలో. పిల్లలకి తోడుగా నన్నూ పంపారు. వెదురుగడ ఎందుకే అన్నా వినకుండా మీ అమ్మ దాన్ని పాసింజరు బండిలో సీట్ల కింద పొడుగ్గా పడుకోబెట్టి తెచ్చింది. కోర్టులో దిగీదిగగానే రెండు రింగుల కిందా నిలబెట్టి చూసింది. విశాఖ పిల్లలు పక్కపక్కనే నిలబడి నవ్వారు.

"ఏంటమ్మా, మేకల్ని కూడా తోలుకొచ్చారా?"

"నేదు. మీ రింగులు సమానమో కాదో సూత్తన్నాం," అంది మీ అమ్మ. పీలిక రెండు చోట్లా ఒకేచోట ఆగింది. అప్పుడు దాని ముఖం చూడాల్సింది.

విశాఖ మీద చిత్తుగా ఓడిపోయాం. అది లెక్కలో ఉన్నదే. కొట్టేద్దామనుకున్న సీతంపేట వైపు పిల్లలు మమ్మల్ని పరుగులు పెట్టించి ఓడించారు. కొండలెక్కేది మేమొక్కళ్ళమే కాదని అప్పుడు తెలిసింది. మిగిలింది విజయనగరం. వాళ్ళ ఆ ఒక్క గుంటనీ మీ అమ్మ నీడలా అంటిపెట్టుకుని ఆడనివ్వలేదు. చివర్లో కెప్టెన్ వేసిన బంతి రింగు అంచు మీద కాసేపు తిరిగి లోపల పడింది. రెండు పాయింట్లతో గెలిచాం. గోడ మీది మూడో అంకె నిజమైంది కానీ, గెలిచింది మేమనుకున్న వాళ్ళ మీద కాదు.

జట్టు తీసెయ్యలేదు. మీ అమ్మ ఆ ఏడు లెక్కలు కూడా గట్టెక్కింది. ఎలా గట్టెక్కిందో అది దాన్నే అడగండి.

ఆ గడ మా పెరట్లోనే ఉంది. ములక్కాడలు కోసుకుంటున్నాను. పీలిక మాత్రం రంగు వెలిసి తెల్లబడింది. మీ బోర్డు మీద ఏం రాశారో నాకు అక్కర్లేదు తల్లీ. నువ్వు రేపు పొద్దున్న వెళ్ళి మీ రెండు రింగులూ కొలిచి, నాకు ఫోన్ చెయ్యి.