నట్టల సాబూ, కన్యకమ్మ కుక్కా

పెనుకొండ పశువుల ఆసుపత్రిలో సాబ్జాన్ అని ఒక కాంపౌండరు ఉండేవాడు. ఆ పేరుతో ఆయన్ను పిలిచినవాళ్ళు మాత్రం తక్కువ. ఊరందరికీ ఆయన నట్టల సాబు. గొర్రెల కడుపుల్లో, కుక్కల కడుపుల్లో పెరిగే పురుగుల్ని మావైపు నట్టలంటారు. ఆ నట్టలంటే ఆయనకు ఎంత పిచ్చో ఏం చెప్పమంటారు! ఆసుపత్రి కిటికీలో గాజుసీసాల నిండా వాటిని వరసగా పెట్టుకుని, వచ్చినవాళ్ళందరికీ చూపించేవాడు. "ఇది ఏలికపాము. ఇదేమో బద్దెపురుగు, టైలరు టేపు మాదిరి ఎంత పొడుగుండాదో చూడప్పా" అని ఆయన మురిసిపోతుంటే, అప్పుడే అన్నం తిని వచ్చినవాళ్ళు మొహం పక్కకు తిప్పుకునేవాళ్ళు.

ఆయన సొంతూరు గాండ్లపెంట. పెనుకొండలో ఉద్యోగానికి దిగి తొమ్మిదేళ్ళయింది. ఆదివారం సెలవు కదా అని ఇంటిపట్టున ఉండే రకం కాదు. పొద్దున్నే మందుల పెట్టె సైకిలుకు కట్టుకుని పల్లెలకు బయలుదేరేవాడు. గొర్రెలకు మందు తాపి, కాపరులందర్నీ కూర్చోబెట్టి ఒకటే మాట చెప్పేవాడు.

"గొర్రెను కోసినప్పుడు పేగుల మీద నీళ్ళ బుడ్డలు అంటుకోని ఉంటాయి గదా, వాటిని కుక్కలకు ఇసరొద్దండప్పా. బుడ్డలో తెల్లగా చుక్క మాదిరి ఉంటాదే, అదే పురుగు తలకాయ. కుక్క మింగితే దాని కడుపులో బద్దెపురుగై కూచుంటాది. గుంత తీసి పూడ్చండి, లేదా పొయ్యిలో ఎయ్యండి."

తొమ్మిదేళ్ళుగా తొంభై పల్లెల్లో ఈ మాట చెప్పాడు. చెప్పని ఇల్లు ఒక్కటే మిగిలింది.

ఆయన ఇంటి వెనక సందుకు అవతల కన్యకమ్మ ఇల్లు. ముందు వైపు చిల్లర అంగడి, వెనక కాపురం. భర్త పోయాక కొడుకు రంగనాథ్‌ను పెట్టుకుని అంగడి నడిపిన మనిషి. ఆ ఇంట్లోకి కోడిగుడ్డు పెంకు కూడా రాదు. అలాంటి ఇంట్లో ఒక నల్లకుక్క ఉండేది. పేరు కరియడు. వానలో తడుస్తూ అంగడి మెట్టెక్కిన కూనకు ఆమె చేత్తో పాలు పోసింది, అంతే, ఇంటి మనిషైపోయాడు. దేవుడి గది గడప ముందు వాడి పడక. మూడు పూటలా పెరుగన్నం.

డెబ్భై తొమ్మిదిలో కోడలు జయశ్రీకి ఏడో నెల వచ్చింది. ధర్మవరంలో పుట్టింటికి పోవడానికి మూడు రోజుల ముందు, కరియడు పడుకుని లేచిన చాప మీద తెల్లగా పుచ్చగింజల్లాంటివి చూసింది. చూస్తుండగానే ఒక గింజ కదిలింది. ఆమె పెట్టిన కేక సందులో అందరికీ వినిపించింది. ఆ కేకకే సాబ్జాన్ పరుగెత్తుకొచ్చి, చాప మీదికి వంగి, "బద్దెపురుగు ముక్కలివి! ఎంత బాగా కనపడుతాండాయో!" అన్నాడు. జయశ్రీ ఆయన వైపు చూసిన చూపు ఇంకొకడైతే తట్టుకోలేడు.

ఆయన కరియణ్ణి అంగడిలో చింతపండు బస్తాలు తూచే కాటా మీద నిలబెట్టి తూకం చూశాడు. తూకాన్ని బట్టి మాత్రలు లెక్కగట్టి, "రాత్రంతా దీనికి ఏమీ పెట్టొద్దు పెద్దమ్మా, పొద్దున పరగడుపున ఎయ్యల్ల" అని చెప్పిపోయాడు. పొద్దున వచ్చేసరికి కరియడి మూతికి పెరుగు మెతుకులు.

"ఏంది పెద్దమ్మా ఇది?"

"అట్లా చూస్తాండె నాయనా నా పక్క. ఒక్క ముద్ద ఏసినా."

మరునాడు మళ్ళీ పస్తు పెట్టించి, మాత్రల్ని బెల్లం ముద్దలో దాచి మింగించాడు. పురుగు పడిపోయింది. జయశ్రీ పుట్టింటికి పోయింది. అంతటితో అయిపోయిందనుకున్నారు. రెండున్నర నెలలకు మళ్ళీ గింజలు. మళ్ళీ కాటా, మళ్ళీ బెల్లం. ఇంకో రెండున్నర నెలలకు మళ్ళీ!

అప్పటికి జయశ్రీకి ఆడపిల్ల పుట్టి మూడో నెల నడుస్తోంది. వచ్చే శుక్రవారం బిడ్డతో ఇంటికి రావాలి. "ఆ కుక్క కడుపు శుభ్రమైతేనే నేను బిడ్డను ఆ ఇంట్లో పండుకోబెడతా" అని కబురు పంపింది. ఆమె తప్పేముంది? పసిబిడ్డ తల్లి. రంగనాథ్ తెగేసి చెప్పాడు.

"సోమవారం బెల్లానికి హిందూపురం లారీ పోతాది. దీన్ని ఎక్కించి మండీ కాడ ఇడిచిపెట్టొస్తా. ఆడ ఏదో ఒకటి తిని బతుకుతాది."

 కన్యకమ్మ ఆ రోజు అన్నం తినలేదు.

సాబ్జాన్‌కు తల కొట్టేసినట్టయింది. గాజుసీసాల్లోంచి నట్టలే తనను వెక్కిరిస్తున్నట్టనిపించింది. మాంసం ముట్టని ఇంటి కుక్కకు ఈ పురుగు ఎక్కడినుంచి వస్తుంది? ఇది గొర్రె పేగుల్లోంచి తప్ప రాని పురుగు. బస్టాండు దగ్గర మటన్ అంగడి గౌస్‌సాబ్‌ను అడిగితే, "కన్యకమ్మ కుక్కా? ఈ పక్కకే రాదు" అన్నాడు. పురుగు కనబడిన మూడుసార్లూ కన్యకమ్మను అడిగాడు. మూడుసార్లూ ఆమె, "మా ఇంట్లో ఏముంటాది సాబ్జానూ, నీకు తెలీదా" అని తల వంచుకుంది.

ఆదివారం వచ్చింది. ఎప్పటిలాగే సైకిలెక్కాడు. ఊరు దాటి మైలు పోకముందే గొలుసు తెగింది. తోసుకుంటూ వెనక్కి వచ్చి, వెనక వాకిలి వైపు నుంచి ఇంట్లోకి రాబోయి, అక్కడే ఆగిపోయాడు.

భార్య ఖైరున్‌బీ బండ మీద కూర్చుని బోటీ కడుగుతోంది. ఆదివారం ఆ ఇంట్లో బోటీకూర ఉండాల్సిందే. ఎదురుగా కరియడు బుద్ధిమంతుడిలా కూర్చుని ఉన్నాడు. ఆమె పేగుల మీది నీళ్ళ బుడ్డ కత్తితో కోసి, "ఇంద నాయనా" అని విసిరింది. వాడు గాల్లోనే అందుకున్నాడు.

"ఏం జేస్తాండావే!"

"బోటీ కడుగుతాండా. కండ్లు కనపడలేదా? బుడ్డలు మనం తినంగదా, పాపం అదన్నా తింటాదని. రెండేండ్లనుంచీ ఆదివారమాదివారం వస్తాది."

సాబ్జాన్ నెత్తి మీద చేతులు పెట్టుకుని గడప మీద కూలబడ్డాడు. అసలు సంగతి చెప్పేసరికి ఖైరున్‌బీ చేతిలో కత్తి కింద పడింది. ఏడుపు, ఆ వెంటే కోపం.

"ఊరూరికీ చెప్తివి. కట్టుకున్నదానికి ఒక్కతూరన్నా చెప్తివా? బోటీ తినేది తెలుసు గానీ, అది ఎట్లా కడుగుతారో ఒక్కనాడన్నా వచ్చి చూస్తివా?"

 నిజమే, ఇరవై ఏళ్ళుగా ఆయన చేసింది లొట్టలేసుకుంటూ తినడమే.

ఇక ఆయనకు భయం పట్టుకుంది. చెప్పకుండా ఊరుకుంటే రేపు పొద్దున కుక్క లారీ ఎక్కుతుంది. చెబితే? దేవుడి గది ముందు పడుకునే కుక్క సాయిబుల పెరట్లో మాంసం తింటోందని తెలిస్తే కన్యకమ్మ దాన్ని మళ్ళీ గడప తొక్కనిస్తుందా? తమతో మాట్లాడుతుందా?  సాయంత్రానికి చొక్కా వేసుకుని అంగడికి పోయాడు. కన్యకమ్మ గల్లాపెట్టె పక్కన కూర్చుని ఉంది. రంగనాథ్ ఖాళీ గోతాలు మడుస్తున్నాడు.

"పెద్దమ్మా, తప్పు నాది. ఆ నట్టలు మా ఇంటినుంచే వస్తాండాయి" అని మొదలుపెట్టి, ఏదీ దాచకుండా మొత్తం చెప్పాడు.

రంగనాథ్ చేతిలోని గోతం కింద పడేశాడు. "అంటే ఇది మాంసం తింటాదా? మన ఇంట్లో పండుకునే కుక్క మాంసం తింటాదా అమ్మా?"

"తింటాదిరా" అంది కన్యకమ్మ. "నాకు తెలుసు."

ఆమె కొడుకు వైపు తిరిగింది.

"ఆదివారం పొద్దున ఎనక తలుపు గొళ్ళెం ఎవురు తీస్తారనుకున్నావు? నేనే. అది కుక్క గదప్పా. నేను పెరుగన్నం పెడితే నా మొహం చూసి తింటాది. ఆదివారం ఖైరున్‌బీ గిన్నె చప్పుడైతే దాని చెవులు లేచే తీరే వేరు. వండి పెట్టేదానికి నాకు చేతగాదు. అందుకని గొళ్ళెం తీసి, పక్కకు తిరుక్కోని నిలబడుకుంటా."

సాబ్జాన్‌కు ఎప్పుడూ రాని కోపం వచ్చింది. "మూడుసార్లు అడిగితిని గదమ్మా! మొదటిసారే చెప్పింటే ఆ నట్టలు అప్పుడే పోయుండు గదా!"

"కొడుకు ముందర ఎట్లా చెప్పేది సాబ్జానూ? దాన్ని పోగొట్టుకుంటానని భయమైపోయింది. చెప్పకుండానే పోగొట్టుకోబోతి" అని కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది. కరియడు లేచి వచ్చి ఆమె మోకాలి మీద తల పెట్టాడు.

రంగనాథ్ కింద పడేసిన గోతం తీసి మడిచి పెట్టాడు. చివరికి, "నువ్వేమంటావు సాబూ?" అన్నాడు.

"ఈపొద్దు రాత్రి పస్తు పెట్టి, రేపు మందేస్తా. పదిదినాలు మా ఇంట్లో కట్టేసుకుంటా. చాపలన్నీ కాల్చేయండి. మూడు నెలలు చూడు. ఒక్క గింజ కనపడినా నేనే దీన్ని లారీ ఎక్కిస్తా."

కన్యకమ్మ కళ్ళు తుడుచుకుని ఒకటే మాట అడిగింది. "ఉడకబెట్టి పెడితే నట్టలు రావా?"

"బాగా ఉడికితే రావు పెద్దమ్మా."

"అయితే ఖైరున్‌బీకి చెప్పు. పొయ్యికి కట్టెలు నేను పంపిస్తా."

మూడు నెలలు గడిచాయి, ఆరు గడిచాయి, గింజ కనబడలేదు. అయినా జయశ్రీకి నమ్మకం కుదరలేదు. కరియణ్ణి బిడ్డ దగ్గరికి రానిచ్చేది కాదు, పలకరించేది కాదు. సాబ్జాన్ మాత్రం పల్లెల పని శనివారం సాయంత్రానికి మార్చుకుని, ఆదివారం బండ మీద తానే కూర్చుని బోటీ కడగడం మొదలుపెట్టాడు. బుడ్డలు పొయ్యిలో వేసి, కరియడి వంతు వేరే గిన్నెలో ఉడికించేవాడు. "ఇన్నాళ్ళకు నాకు కూలీ దొరికినాడు" అని ఖైరున్‌బీ ఎగతాళి చేసేది.

ఎనభై నాలుగు చలికాలంలో కన్యకమ్మ నాలుగు రోజుల జ్వరంతో పోయింది. తర్వాత వచ్చిన ఆదివారం సాబ్జాన్ చేతులు బోటీ కడుగుతున్నాయి గానీ మనసు అక్కడ లేదు. ఉడికిన గిన్నె దించాడు. ఎవరి కోసం దించావని తనను తానే తిట్టుకున్నాడు. గొళ్ళెం తీసే మనిషే లేదు.

సందులో గొళ్ళెం చప్పుడైంది. కరియడు తోక ఊపుకుంటూ వచ్చి తన చోట కూర్చున్నాడు.

సాబ్జాన్ లేచి గోడ మీదుగా చూశాడు. ఆ ఇంటి వెనక తలుపు దగ్గర పక్కన కూతురితో జయశ్రీ నిలబడి ఉంది. చెయ్యి ఇంకా గొళ్ళెం మీదే ఉంది. ఆయన కళ్ళల్లోకి చూడలేక అత్తలాగే పక్కకు తిరిగింది.

"బాగా ఉడికింది గదన్నా?" అంది.