నాయన పీల్చని మందు

ఈ విషయం అమ్మకు చెప్పలేదు. డైరీలో కూడా రాసుకోలేదు.

మా జిల్లా విడిపోయిన ఏడాది నేను డిగ్రీ చదువుతున్నాను. మార్కాపురం పలకల ఫ్యాక్టరీలో పనిచేసే మా నాయనకు వైరస్ జ్వరం వచ్చి ఊపిరితిత్తులకు పాకింది. ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టి, పూటపూటా నోటితో పీల్చమని స్టెరాయిడ్ మందున్న పంపు ఇచ్చారు. పలకల దుమ్ముతో ఛాతీ చెడిపోయినవాళ్ళ చేతుల్లోనే మేము పంపు చూసేవాళ్ళం. వాళ్ళను మళ్ళీ పనికి పిలిచేవారు కాదు.

పక్క మంచంలో నాయనతో పనిచేసే ఆయనే ఉన్నాడు. "ఏంది బావా, నీకూ పంపు ఇచ్చినారే. ఇంక ఫ్యాక్టరీలో నీ జాగా నాదేనా?" అని నవ్వాడు.

అప్పటినుంచి నాయన నర్సు ముందు పంపు నోట్లో పెట్టుకుని నొక్కేవాడు. ఆమె అటు తిరగగానే మందంతా బయటికి ఊదేసేవాడు. నేను చూశానని తెలిసి మెల్లగా అన్నాడు. "ఇది అలవాటైతే వదలదు పాపా. మేస్త్రీ నన్ను పనిలోకి రానీడు. ఎవురికీ చెప్పబాక."

మూడో రోజు డాక్టరు నన్నే అడిగాడు. "ఏమ్మా, మీ నాయన మందు బాగా పీలుస్తున్నాడా?"

కొత్తవాళ్ళ ముందు నాకు నోరు పెగలదు. అవునని తల ఊపాను.

ఆ మధ్యాహ్నమే ఆయాసం ఎక్కువై ఒంగోలు తీసుకెళ్ళమన్నారు. నాయన దారిలోనే పోయాడు. ఆ మందు పీల్చినా కొందరు బతకరని తర్వాత చదివాను. అయినా ఆ తల ఊపడం నన్ను వదల్లేదు.

అంబులెన్సు ఎక్కించేటప్పుడు నాయన మాస్కు పక్కకు జరిపి నా చెయ్యి పట్టుకున్నాడు.

"నువ్వు చెప్పలేదు, మంచి పని చేసినావు పాపా. నాలుగు రోజులాగి పనికి పోతా."