ప్రశాంతమైన సముద్రం కోసం మూడు వారాలు

మా ఆడపడుచు భర్త విశ్రాంతి తీసుకోవాలనుకుంటే చుట్టూ ఉన్నవాళ్ళందరికీ పని పడుతుంది. ఆయన ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పెద్ద హోదాలో ఉన్నారు. కొండాపూర్‌లో ఇరవై రెండో అంతస్తులో ఇల్లు. వరస ప్రకారం నేను ఆయన్ని అన్నయ్యగారూ అని పిలవాలి. పద్దెనిమిదేళ్ళుగా పిలుస్తూనే ఉన్నాను. ఒక్కసారి కూడా మనసుతో పిలవలేదు.

జనవరిలో ఒక ఆదివారం వాళ్ళింట్లో భోజనాలయ్యాక, మేము చేతులు కడుక్కుని వచ్చేసరికి, ఆయన హాల్లో టీవీకి లాప్‌టాప్ తగిలించి నిలబడి ఉన్నారు. తెర మీద గళ్ళూ, గళ్ళకి రంగులూ.

"మనందరం చాలా స్ట్రెస్‌లో ఉన్నాం," అన్నారు. "ఒక్క రోజు పూర్తిగా రిలాక్స్ అవుదాం. బీచ్‌కి వెళ్దాం. కామ్‌గా ఉండాలి, ఫ్యామిలీ బీచ్ అయ్యుండాలి, టాయిలెట్లు క్లీన్‌గా ఉండాలి. ఈ మూడూ నాన్ నెగోషియబుల్."

మేమందరం అంటే ఆయన, మా వదిన, మా ఆయన, నేను. మా అమ్మాయి నిజాంపేటలో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. పరీక్షలున్నాయని చెప్పి తప్పించుకుంది. దాని తెలివికి ఆ రోజు నాకు ముచ్చటేసింది.

అన్నయ్యగారు పదకొండు బీచ్‌లకి మార్కులు వేశారు. ఎవరో రాసిన రివ్యూలన్నీ చదివారు. చీరాల దాటాక, సరుగుడు తోటల పక్కన ఉన్న ఒక చిన్న బీచ్ పార్కుకి మొదటి ర్యాంకు వచ్చింది. ఉయ్యాలలు, సిమెంటు బల్లలు, నీడకి గొడుగులు. "లోకల్స్‌కి పెద్దగా తెలియని ప్లేస్," అన్నారు. నేను పుట్టి పెరిగింది ఆ సముద్రానికి పదిహేను కిలోమీటర్ల దూరంలో. మా నాన్న అక్కడ తాలూకాఫీసులో గుమాస్తాగా పనిచేశారు. ఆ సంగతి అన్నయ్యగారికి తెలుసు. కానీ నన్ను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. నేను ఆ తెర వంక చూస్తూ సోంపు నములుతూ కూర్చున్నాను.

ఆ సాయంత్రానికే ఫోన్లలో ఒక గ్రూపు తయారైంది. మరుసటి రోజు అందులో ఓటింగు పెట్టారు. మూడు ఆదివారాలు, వాటిలో ఒకటి ఎంచుకోవాలి. నిమిషం కూడా కాకుండానే మా వదిన ఓటు పడింది, ఫిబ్రవరి మొదటి ఆదివారానికి. నాకు నవ్వొచ్చింది. వదిన ఒకప్పుడు విజయవాడలో ఒక కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేది. ఆయనకి హైదరాబాద్‌లో ఉద్యోగం రాగానే మానేసింది. అప్పటినుంచీ ఆయన ఏం పంపినా కింద బొటనవేలు బొమ్మ పెట్టడమే ఆవిడ పని అని నా అభిప్రాయం. ఆయన్ని చూస్తే నాకు కోపం వచ్చేది. ఆవిణ్ణి చూస్తే చులకన. ఏది ఎక్కువ తప్పో అప్పుడు ఆలోచించలేదు.

అన్నయ్యగారు కూడా ఆ తారీఖుకే ఓటు వేశారు. ఆ రోజు సముద్రం ఎప్పుడు ముందుకొస్తుందో, ఎప్పుడు వెనక్కి పోతుందో ఒక పట్టిక తీసి గ్రూపులో పెట్టారు. దాని మూలన గుండ్రంగా చందమామ బొమ్మ ఉంది. "ఫుల్ మూన్. బోనస్," అని రాశారు.

నేను వంటింట్లోకి వెళ్ళి గోడకున్న క్యాలెండర్ చూశాను. ఆ ఆదివారం మాఘ పౌర్ణమి.

మా వైపు పుట్టినవాళ్ళెవరికీ దాని గురించి చెప్పనక్కరలేదు. ఆ ఒక్క రోజు చుట్టుపక్కల ఊళ్ళన్నీ సముద్రస్నానానికి తరలివస్తాయి. ట్రాక్టర్లు, ఆటోలు, బస్సులు. తెల్లవారకముందే ఒడ్డు నిండిపోతుంది. ప్రశాంతత కోసం సంవత్సరంలో ఉన్న రోజులన్నీ వడగట్టి, అన్నయ్యగారు ఆ రోజునే పట్టుకున్నారు.

చెప్పడానికి ప్రయత్నించలేదని అనను. ఆ బుధవారం ఆయన వీడియో కాల్ పెట్టారు. హైటెక్ సిటీ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుని కారు వెనక సీట్లోంచి మాట్లాడుతున్నారు. నేను ఆఫీసు కెఫెటేరియాలో ఉన్నాను.

"అన్నయ్యగారూ, ఆ ఆదివారం..." అన్నాను.

"డేట్ ఫ్రీజ్ అయిపోయిందమ్మా. దాని మీద ఇంక డిస్కషన్ వద్దు. నీకేమైనా లీవ్ ప్రాబ్లమా?"

"కాదండి."

"అయితే నెక్స్ట్ పాయింట్."

నెక్స్ట్ పాయింట్ మడత కుర్చీలు. నాలుగు కొనాలా, రెండు చాలా అని.

నేను ఉద్యోగం చేసేది టెస్టింగులో. తప్పు కనబడితే రాసి పంపడమే నా పని. ఆ సాయంత్రం గ్రూపులో ఒక్క వాక్యం రాసి పంపి ఉండొచ్చు. పంపలేదు. మా ఆయనతో మాత్రం చెప్పాను. ఆయన గట్టిగా నవ్వి, "చెప్పు మరి," అన్నారు.

"మీ బావగారు, మీరే చెప్పండి."

"నాకెందుకొచ్చిన గొడవ," అని ఆయన టీవీ పెట్టుకున్నారు.

తర్వాతి రెండు వారాలు నాకు హాయిగా గడిచాయి. నిజం చెప్పాలంటే మొత్తం ప్రయాణంలో నేను రిలాక్స్ అయింది ఆ రెండు వారాలే. అన్నయ్యగారు రోజుకో సంగతి పంపేవారు. ఎండ తగలకుండా రాసుకునే క్రీముల్లో ఏది మంచిదో, ఇసుక అంటని చాప ఎక్కడ దొరుకుతుందో. ఆ ఆదివారం ఏ గంటకి ఏం చేయాలో ఒక కాగితం తయారుచేశారు. ఆరూ నలభైకి సూర్యోదయం. ఏడింటి నుంచి నడక. ఏడున్నర నుంచి ఎనిమిదింపావు దాకా, అక్షరాలా అలాగే రాశారు, "ఏమీ చేయకుండా కూర్చోవడం." తొమ్మిదిన్నరకి దగ్గర్లోని రిసార్టులో టిఫిన్, టేబుల్ ముందే బుక్ చేశారు. ప్రతి సందేశం కిందా వదిన బొటనవేలు ఉండేది. నేను వాటిని మళ్ళీ మళ్ళీ చదువుకుని ఆ రోజు ఆయన మొహం ఎలా ఉండబోతోందో ఊహించుకునేదాన్ని.

శనివారం మధ్యాహ్నం బయల్దేరాం. బండి నడిపే ఆయనది ఖాజాగూడ, అక్కడే పుట్టి పెరిగిన మనిషి. యాభై దాటి ఉంటాయి. ఔటర్ రింగ్ రోడ్డు దిగాక అన్నయ్యగారితో అన్నాడు.

"సార్, రేపు పున్నం గద. మా ఇంటామె చెప్పింది. సముద్రం కాడ జనం మస్తుంటరేమో, జర చూసుకోండ్రి."

"నువ్వు రోడ్డు చూడవయ్యా," అన్నారు అన్నయ్యగారు.

నేను కిటికీలోంచి బయటికి చూశాను. మూడు వారాలుగా నేను మింగి కూర్చున్న మాటని ఆ మనిషి ఒక్క ముక్కలో చెప్పేశాడు. మా ఆయన మోచేత్తో నన్ను పొడిచి నవ్వు ఆపుకున్నారు. వదిన కళ్ళు మూసుకుని ఉంది. నిద్రపోతోందనుకున్నాను.

ఆ రాత్రికి చీరాలలో లాడ్జిలో దిగాం. తెల్లవారుజామున ఐదింటికి బయల్దేరితే, ఊరు దాటగానే బండి ఆగిపోయింది. ముందు ట్రాక్టర్లు, వాటి తొట్టెల నిండా ఆడవాళ్ళు, పిల్లలు, గంపలు. అప్పటికే స్నానాలు చేసి తడిజుట్టుతో ఎదురొస్తున్నవాళ్ళు కొందరు. సముద్రానికి రెండు కిలోమీటర్ల దూరంలో ఒక కానిస్టేబులు చెయ్యి అడ్డం పెట్టాడు.

"కార్లు ఇక్కడే ఆపాలండి. నడిచి వెళ్ళాలి."

అన్నయ్యగారు దిగి అతనితో ఇంగ్లీషులో మాట్లాడారు. తన ఉద్యోగం, బుకింగు, ముందుగా ఎవరూ చెప్పకపోవడం. కానిస్టేబులు ఓపిగ్గా అంతా విని, "అందరూ నడుస్తున్నారండి," అన్నాడు.

నడిచాం. చంకలో ఒకటి, భుజాన ఒకటి మడత కుర్చీలు మోసుకుంటూ అన్నయ్యగారు ముందు నడిచారు. ఆయన వెనక చాప మోస్తూ మా ఆయన. దారి పొడుగునా జనం వాళ్ళని చూసి పక్కకి తప్పుకుంటున్నారు, కుర్చీలు తగులుతాయని.

బీచ్ పార్కులో ఉయ్యాలల గొలుసుల మీద తడిచీరలు ఆరేసి ఉన్నాయి. సిమెంటు బల్లల మీద పులిహోర పొట్లాలు విప్పుకుని తింటున్నారు. గొడుగుల కింద పసిపిల్లలు నిద్రపోతున్నారు. ఇసుకలో పసుపు కుంకుమలు, అరటిపళ్ళు, వెలుగుతున్న ప్రమిదలు. మైకులో ఎవరో తప్పిపోయిన పిల్ల ఆనవాళ్ళు చెబుతున్నారు.

"ఫ్యామిలీ బీచ్ అన్నారే," అన్నారు అన్నయ్యగారు.

నాకు కనబడినంత మేర కుటుంబాలు తప్ప ఇంకేం లేవు. అమ్మమ్మలు, కోడళ్ళు, చంటిపిల్లలు. ఆయన లెక్కలో కుటుంబం అంటే కారులో వచ్చేది.

"వీళ్ళంతా ఎక్కణ్ణుంచి దిగారు? క్రౌడ్ బొత్తిగా బాలేదు," అన్నారు మళ్ళీ, పక్కనే నిలబడ్డ ఒక పెద్దావిడ వినేలా. ఆవిడ ఆయన్ని ఒకసారి చూసి, కొంగు బిగించుకుని నీళ్ళవైపు వెళ్ళిపోయింది. మా నాన్న నన్ను ఇలాంటి ఆడవాళ్ళ మధ్యే బస్సులో నిలబెట్టి తీసుకొచ్చేవారు. మూడు వారాలు దాచుకున్న ఆనందమంతా ఆ ఒక్క మాటతో పుల్లబడింది. ఆయన మొహం నేను ఊహించినట్టే ఉంది. చూడాలనిపించలేదు.

అన్నయ్యగారు సరుగుడు చెట్ల కింద ఖాళీ జాగా వెతికి, సముద్రానికి వీపు పెట్టి కుర్చీ వేసుకుని, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్నారు. కాగితం ప్రకారం అది సూర్యోదయం చూసే సమయం.

అప్పుడు వదిన తన చేతిసంచీ, ఫోను, గడియారం నా చేతుల్లో పెట్టింది.

"ఇవి పట్టుకో," అంది.

"ఎక్కడికి వదినా?"

వదిన చీర కుచ్చెళ్ళు ఎత్తి దోపుకుని నడిచింది. అలల దగ్గర కొంతమంది ఆడవాళ్ళు చేతులు పట్టుకుని వరసగా నిలబడి ఉన్నారు. ఇందాక అన్నయ్యగారి మాట విన్న పెద్దావిడ కూడా అందులో ఉంది. వదిన వెళ్ళి ఆ వరస చివర నిలబడింది.

"కొత్తా?" అని అడిగింది పెద్దావిడ.

"చిన్నప్పుడు వచ్చేదాన్నండి, మా మామ్మతో."

"అయితే భయమేముంది. చెయ్యి గట్టిగా పట్టుకో. అల వచ్చినప్పుడు పక్కకి తిరుగు."

వాళ్ళు మూడుసార్లు మునిగారు. మూడోసారి వదిన లేచేసరికి జుట్టు ముడి విడిపోయింది. అన్నయ్యగారు ఇయర్‌ఫోన్లు తీసి పరిగెత్తుకొచ్చారు.

"ఏంటిది? ఆ నీళ్ళెలా ఉన్నాయో చూశావా? బట్టలు మార్చుకోవడానికి రూమ్ కూడా లేదిక్కడ."

వదినకి వినబడిందో లేదో తెలియదు. అల వస్తోంది, అటు తిరిగింది.

ఆవిడ రెండు గంటలకి పైగా నీళ్ళలోనే ఉంది. కాస్త అవతల మా డ్రైవరు ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి నిలబడ్డాడు. నన్ను చూసి, "మా ఊరి చెరువు కాడ గూడ నా చిన్నతనంల గిట్లనే జనం ఉండేటోళ్లు మేడం," అన్నాడు. "ఇప్పుడు వాకింగ్‌కు వచ్చేటోళ్లే. ఎవరూ దిగరు."

తొమ్మిదికి వదిన బయటికొచ్చి తడి ఇసుకలో కూర్చుంది. అన్నయ్యగారు గడియారం చూపించారు.

"తొమ్మిదిన్నరకి టేబుల్."

"మీరు వెళ్ళి తినండి," అంది వదిన. "నేనింకా కాసేపు ఉంటాను."

అన్నయ్యగారు మా ఆయన్ని తీసుకుని వెళ్ళిపోయారు. కుర్చీలు కూడా పట్టుకెళ్ళారు. వదిన నా దగ్గర సంచీ తీసుకుని, అందులోంచి ఒక పాత నేతచీర, తువ్వాలు, కొబ్బరికాయ పైకి తీసింది.

"నీకు ముందే తెలుసా వదినా, ఇవాళ పౌర్ణమని?"

"తెలియక ఆ తారీఖుకి ఓటు వేశానా?" అంది తల తుడుచుకుంటూ. "చెబితే మార్చేస్తారు. ఇరవై ఏళ్ళయింది ఈ స్నానం చేసి." తర్వాత నావైపు తిరిగింది. "నీది ఈ ప్రాంతమే కదా. నువ్వెందుకు చెప్పలేదు?"

"మర్చిపోయాను."

"నువ్వు మర్చిపోయే మనిషివి కాదులే," అంది. కోపంగా అనలేదు. "వెళ్ళు, నువ్వూ మునిగి రా. సంచీ నేను చూస్తాను."

"బట్టలు తెచ్చుకోలేదు."

అది నిజమే. మూడు వారాల ముందే తెలిసి కూడా నేను ఒక తువ్వాలైనా పెట్టుకోలేదు. ఆవిడకి తెలిసిందే నాకూ తెలుసు. ఆవిడ దానితో సముద్రంలో దిగింది. నేను ఒక మనిషి అవమానపడుతుంటే చూడాలని వచ్చి, ఆవిడ సంచీ కాపలా కాశాను. ఇన్నేళ్ళు ఆవిణ్ణి తెలివితక్కువదానిగా లెక్కేసుకున్నది గుర్తొచ్చి మొహం వేడెక్కింది. ఆవిడ కొబ్బరికాయ కొట్టి నాకో చిప్ప ఇచ్చింది. తిన్నాను.

తిరుగు ప్రయాణంలో సూర్యాపేట దాకా అన్నయ్యగారు ఫోనులో ఆ రివ్యూలన్నీ మళ్ళీ చదివారు. అక్కడ టీ తాగాక తేరుకుని, తప్పు ఆ రివ్యూలు రాసినవాళ్ళదని తేల్చారు. ఈసారి సొంత బీచ్ ఉన్న రిసార్టు చూస్తానన్నారు. వదిన నిజంగానే నిద్రపోయింది, నా భుజం మీద. ఆవిడ జుట్టులోని ఇసుక నా జాకెట్టు మీద రాలింది. దులపబుద్ధి కాలేదు.

పది రోజుల తర్వాత వాళ్ళ అపార్ట్‌మెంటువాళ్ళు కొందరు ఇంటికి వస్తే, సాయం చేయడానికి నేనూ వెళ్ళాను. అన్నయ్యగారు ఫోనులో ఫోటో చూపిస్తున్నారు. మా ఆయన దూరం నుంచి తీసింది, వదిన అలల మధ్య ఆ ఆడవాళ్ళ చేతులు పట్టుకుని ఉన్నది.

"మా మిసెస్‌కి మాఘస్నానం చేయించాలని ఎప్పటినుంచో అనుకుంటున్నాను," అంటున్నారు. "సరిగ్గా పౌర్ణమి చూసుకుని ప్లాన్ చేశాను. మూడు వారాలు పట్టింది."

"ఎంత అదృష్టమండీ మీకు," అంది ఒకావిడ వదినతో.

నేను వదిన కళ్ళలోకి చూడాలని అటు తిరిగాను, ఇద్దరం కలిసి నవ్వుకోవచ్చని. ఆవిడ నావైపు చూడలేదు. కాఫీలో చక్కెర సరిపోయిందా అని పక్కావిణ్ణి అడిగింది.