‘కూలి’ అనే కాలమ్

పిస్కాటవే ఆఫీసులో మా టీమ్ మొత్తానికి తెలుగువాళ్లం ఇద్దరమే, నేనూ మా సీనియరూ. పోర్చుగల్‌లో గంట పనికి ఎంత ఖర్చవుతుందో స్పెయిన్, ఫ్రాన్స్‌లతో పోల్చి షీట్ తయారు చేయడం ఆయన పని. ఎక్కడ చవకైతే కంపెనీ పని అక్కడికి పోతుంది. ఆ అంకెలున్న కాలమ్‌కి ఆయన ఇంగ్లీషు అక్షరాల్లో ‘కూలి’ అని పేరు పెట్టాడు.

"జీతం అని పెట్టొచ్చుగా అన్నా?" అన్నానొకసారి.

"గంటకి లెక్కగట్టి ఇచ్చేది కూలే తమ్ముడూ. మెళ్లో బ్యాడ్జ్ ఉంటే జీతమైపోతుందా?" అని తనలో తనే నవ్వుకున్నాడు. మధ్యాహ్నం లంచ్ కూడా పార్కింగ్‌లో, కార్లో కూర్చుని ఒక్కడే తినేవాడు.

కిందటి నెల ఆ షీటే ఆయన ఉద్యోగాన్ని లిస్బన్‌కి పంపించింది. బ్యాగ్ సర్దుకుంటూ, "షీట్ నువ్వు చూసుకో. కాలమ్ పేరు మాత్రం మార్చకు" అన్నాడు.

నిన్న కాల్‌లో, ఆయన స్థానంలోకి వచ్చిన లిస్బన్ అమ్మాయి ‘కూలి’ అన్న మాటకి అర్థం అడిగింది. ఇప్పుడది తెలిసినవాణ్ని నేనొక్కణ్నే.

"లేబర్ కాస్ట్" అన్నాను.

థాంక్స్ చెప్పి, నేను చూస్తుండగానే పేరు మార్చేసింది.