ఖాళీ గళ్లు

ఎనభైల మొదట్లో అమెరికాలో టకోమా రేవు దగ్గర, దుంగలూ కోసిన కలపా ఎగుమతి చేసే ఒక చిన్న కంపెనీలో నేను టైపిస్టుని. కాలేజీ గడప తొక్కలేదు. కానీ ఊరి లైబ్రరీలో నేను తెరవని బీరువా లేదని నాకు గర్వం. అది మా కంపెనీ పెద్దాయన చెవిన పడింది. జపాన్, కొరియా లాంటి దేశాలు అమెరికా కలపను ఏటా ఎంత విలువకు కొన్నాయో, పదేళ్లకి పట్టిక చేసి ఇమ్మన్నాడు.

రెఫరెన్స్ పుస్తకాలు ఇంటికివ్వరు. నాలుగు శనివారాలు అక్కడే కూర్చుని, ఆ దేశాల దిగుమతి లెక్కలు పసుపు కాగితాల మీద చేత్తో ఎక్కించుకున్నాను. చివరి మూడేళ్ల సంపుటాలు బైండింగ్‌కి వెళ్లాయట. నేను ఊరుకుంటానా? అమెరికా ఎగుమతుల పుస్తకం తీసి ఆ ఖాళీ గళ్లు నింపేశాను. ఇక్కడ పంపిందే కదా అక్కడికి చేరేది అనుకున్నాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

పట్టికలో ఆ మూడేళ్లూ విలువ దబ్బున పడిపోయింది. పెద్దాయన చాలాసేపు చూసి, మా రెండో కలప యార్డ్ మూసేద్దామన్నాడు. అది ఖాయం చెయ్యడానికి సోమవారం మీటింగ్. ఆ యార్డ్‌లో ముగ్గురు పనిచేసేవారు.

ఆ ముందు శనివారం వేరే పుస్తకం కోసం లైబ్రరీకి వెళ్లి, అలవాటుకొద్దీ పాత సంపుటం ఒకటి తిరగేశాను. చివరి పేజీల్లో సన్నటి అక్షరాలు. కొన్న దేశం రాసే విలువలో ఓడ కిరాయీ బీమా కలిసి ఉంటాయట. అమ్మిన దేశం తన రేవులో పలికిన ధర మాత్రమే రాస్తుందట. అంటే ఒకే దుంగకి రెండు విలువలు. కిరాయితో ఏడేళ్లు, కిరాయి లేకుండా మూడేళ్లు పక్కపక్కన పెట్టి, వ్యాపారం పడిపోయిందని చూపించాను. అసలు పడిందో లేదో కూడా నాకిప్పుడు తెలియదు.

పక్క ఊరు సియాటిల్ లైబ్రరీలో ఆ మూడు సంపుటాలూ ఉన్నాయని లైబ్రేరియన్ ఫోన్ చేసి కనుక్కుంది. అక్కడి రెఫరెన్స్ గది మాత్రం మంగళవారం దాకా తెరవరట.

మా ఆయన విమానాల ఫ్యాక్టరీలో ఇంజనీరు. విషయం చెబితే తలపట్టుకున్నాడు. "డిగ్రీ లేకుండా వచ్చిన చాన్స్ అది. ఇప్పుడు మిస్టేక్ అని చెప్తే మళ్లీ టైపింగే."

"చెప్పకపోతే ఆ ముగ్గురికీ ఆ మాత్రం పనీ ఉండదండీ."

"నీ లెక్క చూసి మాత్రమే మూస్తాడా ఏంటి?" అన్నాడు. వేరే కారణం కూడా ఉంటే ఎంత బాగుండు అనిపించింది.

సోమవారం మీటింగ్‌కి ముందే వెళ్లి చెప్పాను. పెద్దాయన అరవలేదు, దానికే ఎక్కువ భయం వేసింది. మరి సరైన అంకెలేవని అడిగాడు. నా దగ్గర లేవన్నాను. గురువారం దాకా గడువిచ్చాడు.

మంగళవారం బస్సెక్కి సియాటిల్ వెళ్లాను. ఈసారి ముందుగా చివరి పేజీలు చదివాకే అంకెల్లోకి దిగాను. విలువ పడిపోయిన మాట నిజమే, కానీ నేను చూపించినంత కాదు. గురువారం కొత్త పట్టిక అందుకుని పెద్దాయన యార్డ్ మూసే సంగతి వేసవి దాకా ఆగి చూద్దామన్నాడు.

ఆ ముగ్గురికీ ఇదేమీ తెలియదు. యార్డ్ గేటు ముందు చెయ్యి ఊపేవాళ్లు. వేసవిలో యార్డ్ సంగతి తేలేదాకా నేను తలవంచుకునే ఆ గేటు దాటాను.