ఆయన పడుకున్న వైపు గోడ

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. గుమ్మానికి దిష్టి గుమ్మడికాయ కట్టమన్నందుకు మా అత్తగారితోనే పోట్లాడినదాన్ని. కాబట్టి ఇది చదివి, బెంగతో ఏదో ఊహించుకుంది పాపం అని జాలిపడకండి.

కంచరపాలెంలో, రైలు పట్టాల దగ్గర మాది చిన్న ఇల్లు. ఒక గది, వంటిల్లు, గదిని ఆనుకుని బాత్‌రూమ్. మా ఆయన వన్ టౌన్‌లో ఆటో నడిపేవారు. ఊపిరితిత్తుల జబ్బుతో మంచం పట్టారు. చెమ్మలో ఉంచితే మనిషి దక్కడని డాక్టరు మొహమాటం లేకుండా చెప్పేశారు. మంచమేమో బాత్‌రూమ్ గోడ పక్కనే. ఆ గోడ సరిగ్గా ఆయన తల దగ్గర తడిగా ఉండేది.

మా పిన్ని కొడుకు తాతారావు తాపీ మేస్త్రీ. మా ఆయన్ని ఆడపడుచు ఇంటికి పంపి పని మొదలుపెట్టాం. పాత టైల్స్ పగలగొట్టి, కింద వాటర్‌ప్రూఫింగ్ మందు పూసి, కొత్తవి వేశాడు. తర్వాత ఎక్కడైనా కారుతుందేమో చూడ్డానికి, నీళ్లు పోయే కన్నంలో గుడ్డ కుక్కి, గుమ్మానికి అడ్డంగా సిమెంటు కట్ట పోసి, పాదం మునిగేదాకా నీళ్లు నింపాడు. నీటి మట్టానికి టైలు మీద పెన్సిలుతో గీత గీశాడు. మర్నాడు కూడా నీళ్లు గీత దగ్గరే ఉన్నాయి. గదిలో గోడ అప్పడంలా ఎండి ఉంది.

ఆ సంతోషంలో తాతారావుకి కోడికూర వండిపెట్టి, ఆయన్ని ఇంటికి తెచ్చుకున్నాను. తెల్లారేసరికి తల దగ్గర గోడ మళ్లీ తడి.

"ఏటే, గోడక్కూడా సెమట పడతన్నట్టుంది" అని నవ్వారాయన. నవ్వితే దగ్గు ఆగేది కాదు. నాకు ఏడుపొచ్చింది.

మళ్లీ నీళ్లు నిలబెట్టాం. ఈసారి కుళాయిలకు నీళ్లు రాకుండా కట్టేసి, స్నానాలకు పక్కింటికి పోయాం. నీళ్లు గీత నుంచి దిగలేదు. గోడ ఆరలేదు.

చేసేది లేక మంచాన్ని అవతలి గోడకు జరిపాను. అది వీధి వైపు గోడ. ఎండ బాగా కొడుతుంది, అందులో ఒక్క పైపూ లేదు. రెండు మూడు రోజుల్లో అది తడిసింది, ఆయన తల దగ్గరే. బాత్‌రూమ్ వైపు గోడ ఆరిపోయింది.

తాతారావు వచ్చి అరచెయ్యి ఆనించి చూశాడు.

"నీలు రాడానికి దారే లేదక్కా. నానేటి సెయ్యను?" అన్నాడు.

పాపం, వాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టాను. ఎవరినో ఒకరిని తిట్టాలి కదా.

ఆ తర్వాత పగలంతా తువ్వాలుతో గోడ తుడవడమే నా పని అయింది. "ఒగ్గేయే, ఇలా వచ్చి నా దగ్గర కూకో" అనేవారు ఆయన. కూర్చోలేదు. తుడుస్తూనే ఉన్నాను.

వానలు మొదలవకముందే ఆయన పోయారు. మర్నాడు చూస్తే గోడ పొడిగా ఉంది. తర్వాత వానలకు మా వీధిలో ప్రతి గోడా చెమ్మెక్కింది. మా గదికి మాత్రం చెమ్మ తగల్లేదు.

మొన్న తలుపు వేసుకుని బాత్‌రూమ్‌లో మళ్లీ నీళ్లు నింపాను. మంచం మళ్లీ బాత్‌రూమ్ గోడకు జరిపి, ఆయన పక్క మీద నేనే పడుకున్నాను. ఆ తడి ఏమిటో, ఎక్కడి నుంచి వచ్చిందో ఈరోజుకీ నాకు తెలియదు. ఆయన్ని తీసుకుపోయింది అదేనో కాదో, అదీ తెలియదు. అదే అయినా సరే, ఒక్కసారి రమ్మని బతిమాలుకున్నాను.

తెల్లారాక గోడకు చెంప ఆనించి చూశాను. పొడిగానే ఉంది.